నీళ్ల కరెంటు పునరుత్పాదక లెక్కలోకి వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు పంపిణీ సంస్థ దక్షిణ డిస్కం ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉండటం వల్లో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇక్కడ ఎక్కువ కావడం వల్లో గానీ, జల విద్యుత్తు మీద సందేహాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మారవు. ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి అడిగిందే రేణిగుంట ఫ్యాక్టరీ మేనేజరూ అడుగుతాడు, పుత్తూరు రైతూ అడుగుతాడు. అందుకే వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు ఒకచోట రాశాను. ఎక్కడ మొదలుపెట్టినా అర్థమవుతుంది. పునరుత్పాదక కరెంటు ఏటా ఎంత ఉండాలో చెప్పే వాటాలు కేంద్ర విద్యుత్ శాఖ 2023 అక్టోబర్ 20న ఇచ్చిన నోటిఫికేషన్‌లోవి. ఇలాంటివాటిని మధ్యలో సవరిస్తుంటారు కాబట్టి, ఏదైనా ఫైలింగులో వాడేముందు తాజా గెజిట్ ఒకసారి చూసుకోండి.

## మొదలుపెట్టేవాళ్లకి

ఆర్పీఓ, ఆర్పీఓ అంటుంటారు. అసలు అదేంటి? ఎవరు పెట్టారు?

ఇంగ్లీషులో రెన్యూవబుల్ పర్చేజ్ ఆబ్లిగేషన్. డిస్కంలు, కొన్ని రకాల పెద్ద వినియోగదారులు వాడే మొత్తం కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక వనరుల నుంచే రావాలి అని పెట్టిన బాధ్యత అది. మూలం 2003 విద్యుత్ చట్టంలో ఉంది, సెక్షన్ 86(1)(ఇ). ఆ శాతం ఎంతో తేల్చే అధికారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిది. మనకైతే కర్నూలులో ఉన్న ఏపీఈఆర్‌సీ. తర్వాత 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి కేంద్రం కూడా ఇలాంటి బాధ్యతే పెట్టింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటిది కొనుగోలు బాధ్యత, రెండోది వినియోగ బాధ్యత. వాడుకలో మాత్రం రెండింటినీ ఆర్పీఓ అనే అనేస్తున్నారు, ఆఫీసుల్లో కూడా.

ప్రతి వానాకాలం నీళ్లు వస్తూనే ఉంటాయి కదా. మరి పెద్ద డ్యామ్ కరెంటు పునరుత్పాదకం కాదని ఎందుకన్నారు?

నీళ్లు మళ్లీ మళ్లీ వస్తాయన్నదాన్ని ఎవరూ కాదనలేదు. ఈ బాధ్యత పెట్టిన ఉద్దేశం వేరు. గాలి, సూర్యరశ్మి, చెరుకు పిప్పి, చిన్న కాలువల మీద వచ్చే కరెంటు అప్పట్లో ఖరీదు. కొనేవాడు లేడు. వాటికి ఒక మార్కెట్ కల్పించడానికే ఈ శాతాలు పెట్టారు. శ్రీశైలం, దిగువ సీలేరు లాంటివి అప్పటికే ప్రభుత్వ డబ్బుతో కట్టేసినవి, వాటి కరెంటు అన్నింటికంటే చవక. వాటిని కూడా లెక్కలో కలిపేస్తే డిస్కం కొత్తగా ఒక్క యూనిట్ కొనకుండానే "మేం తీర్చేశాం" అని సంతకం పెట్టేసేది. అందుకే పక్కన పెట్టారు.

రెండో కారణం ముంపు. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు పోయాయి. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. అలాంటిదాన్ని మిద్దె మీద సోలార్ పలకలతో ఒకే వరుసలో నిలబెట్టడానికి చాలామందికి మనసొప్పలేదు. నాకైతే మొదటి కారణమే బలంగా కనిపిస్తుంది. రెండోది న్యాయమైన అభ్యంతరమే. కానీ దాన్ని చూసుకోవాల్సింది పర్యావరణ అనుమతులు, పునరావాసం దగ్గర. ఆర్పీఓ లెక్కలో కాదు.

25 మెగావాట్లు అనే గీత ఎక్కడిది? సైన్స్ ఏమైనా ఉందా?

లేదు. అది శాఖల మధ్య పంపకం. 25 మెగావాట్ల వరకు ఉన్నవి చిన్న జల విద్యుత్తు కింద కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖకి, ఆపైనవి విద్యుత్ శాఖకి. ఆ ఫైళ్ల విభజనే చాలా ఏళ్లు "ఇది పునరుత్పాదకం, ఇది కాదు" అనే గీతగా చలామణి అయింది. మన రాష్ట్రంలోనే చూడండి: అనంతపురం వైపు పెన్నా అహోబిలం 20 మెగావాట్లు, గీతకి లోపల. నాగార్జునసాగర్ టెయిల్‌పాండ్ 50, బయట. సీలేరు లోయలోని డొంకరాయి సరిగ్గా 25, గీత మీదే. ఈ మూడింటిలోనూ అలాంటి నీళ్లే, అలాంటి టర్బైన్లే.

పాత ఉత్తర్వుల్లో "జల విద్యుత్తు మినహాయించి" అని ఉంటుంది. అది డిస్కంకి లాభమా, నష్టమా?

లాభమే, కానీ ఎవరికీ వెంటనే తట్టదు. 2018 జూన్‌లో కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం 2021-22 నాటికి 21 శాతం ఉండాలి: సౌర 10.5, సౌరేతర 10.5. అయితే ఆ 21 శాతాన్ని మొత్తం వినియోగం మీద కాకుండా, హైడల్ (జల విద్యుత్తు) నుంచి వచ్చిన యూనిట్లు తీసేసి మిగిలినదాని మీద కట్టాలి.

ఒక డిస్కం 100 కోట్ల యూనిట్లు వాడిందనుకోండి. అందులో 10 కోట్లు హైడల్. అప్పుడు 90 కోట్ల మీద 21 శాతం, అంటే 18.9 కోట్లు. హైడల్ లేకపోతే 21 కోట్లు కొనాల్సి వచ్చేది. పైన లవంలో చేర్చకుండా కింద హారంలోంచి తగ్గించడం అన్నమాట. అంటే పెద్ద హైడల్‌ని పునరుత్పాదకం అని ఒప్పుకోలేదు, అలాగని బొగ్గు సరసనా కూర్చోబెట్టలేదు. వానలు బాగా పడి శ్రీశైలం నిండిన ఏడాది డిస్కం బాధ్యత దానంతటదే తగ్గేది.

2019లో ఏదో పెద్ద మార్పు వచ్చిందంటారు. ఏంటది?

2019 మార్చి 8న కేంద్ర విద్యుత్ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 25 మెగావాట్లు దాటిన జల విద్యుత్ కేంద్రాలు కూడా పునరుత్పాదకమే అని అందులో ప్రకటించింది. సౌరేతర వాటాలో హైడల్‌కి విడిగా ఒక భాగం ఉంటుందని చెప్పింది. ఆ తేదీ తర్వాత ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రాజెక్టులే ఆ భాగానికి పనికొస్తాయి. దాంతోపాటు ధర దిగిరావడానికి కొన్ని వెసులుబాట్లు: ప్రాజెక్టు ఆయుష్షు 40 ఏళ్లుగా లెక్కేయడం, అప్పు తీర్చే గడువు 18 ఏళ్లకి పెంచడం, మొదట్లో తక్కువ రేటు పెట్టి ఏటా 2 శాతం పెంచుకోవడం. రోడ్లు, వంతెనల ఖర్చుకి కేంద్ర సాయం కూడా.

ఎందుకు మారారు? సాయంత్రం ఏడింటికి సోలార్ సున్నా. అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు. ఆ గంటలో నిమిషాల్లో లేచి నిలబడగలిగేది హైడల్. బొగ్గు యూనిట్‌ని చల్లారాక మళ్లీ లేపాలంటే గంటలు పడుతుంది. సోలార్, గాలి పెరిగేకొద్దీ నీళ్ల అవసరం పెరుగుతుందని అప్పటికి తెలిసొచ్చింది. కానీ కొత్త డ్యాముల కరెంటు ఖరీదు, డిస్కంలు ముఖం చాటేస్తున్నాయి. అందుకని బాధ్యతగా పెట్టారు.

## ఏది లెక్క, ఏది కాదు

శ్రీశైలం కరెంటు లెక్కలోకి వస్తుందా, రాదా? ఒక్క మాటలో చెప్పండి.

వస్తుంది, కానీ "హైడల్" గడిలో కాదు. కేంద్రం లెక్కలో నాలుగు గడులున్నాయి: గాలి, జల, వికేంద్రిత (ఇంటి మీది సోలార్ లాంటి చిన్నవి), ఇతర. జల గడిలో వేయాలంటే ప్రాజెక్టు 2024 మార్చి 31 తర్వాత ఉత్పత్తి మొదలుపెట్టి ఉండాలి. శ్రీశైలం కుడిగట్టు కేంద్రం 770 మెగావాట్లు, 1980ల నాటిది. అది "ఇతర" గడిలోకి వెళ్తుంది. దిగువ సీలేరు 460, ఎగువ సీలేరు 240, 1955లో మొదలైన మాచ్‌ఖండ్‌లో మన వాటా, తుంగభద్రలో మన వాటా, అన్నీ అక్కడికే.

ఇక్కడే చాలామంది పొరబడేది. పాతకాలంలో ప్రాజెక్టు సైజు చూసేవాళ్లు. ఇప్పుడు పుట్టిన తేదీ చూస్తున్నారు. 2 మెగావాట్లదైనా 2,000 మెగావాట్లదైనా పర్వాలేదు, ఎప్పుడు మొదలైందన్నదే ముఖ్యం. జల విద్యుత్తు పునరుత్పాదకమా కాదా అని వాదించుకునే రోజులు పోయాయి. "ఏ గడిలో వేస్తున్నారు" అని అడగాలి.

జల గడిలో ఏడాదికి ఎంత శాతం?

2024-25లో 0.38, 2025-26లో 1.22, 2026-27లో 1.34, 2027-28లోనూ 2028-29లోనూ 1.42, 2029-30లో 1.33. ఇవి మొత్తం వినియోగంలో శాతాలు. నాలుగు గడులూ కలిపి మొత్తం 2024-25లో 29.91 నుంచి 2029-30లో 43.33కి వెళ్తుంది. పరీక్షలకు చదివేవాళ్లు 43.33 గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందు 2.82 శాతం అన్నారు, ఇప్పుడు 1.33 అంటున్నారు. హైడల్‌ని తగ్గించేశారా?

అంకె తగ్గింది నిజమే. 2021 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వులో జల వాటా 2021-22లో 0.18తో మొదలై 2029-30కి 2.82 శాతానికి చేరాలి. 2022 జులైలో కూడా ఆ 2.82ని అలాగే ఉంచారు. 2023లో అది 1.33 అయింది.

అయితే రెండు అంకెలూ ఒకే వస్తువుని కొలవడం లేదు. పాతదానిలో 2019 మార్చి 8 తర్వాత మొదలైన ప్రాజెక్టులన్నీ వస్తాయి. కొత్తదానిలో 2024 మార్చి 31 తర్వాతవి మాత్రమే. మధ్యలో ఐదేళ్ల ప్రాజెక్టులు "ఇతర" గడిలోకి జారిపోయాయి. అలా జారిపోగా మిగిలినదే 1.33. హిమాలయాల్లో కొండచరియలు, కోర్టు కేసులు, నిర్వాసితుల ఆందోళనలతో డ్యాములు అనుకున్న ఏడాదికి పూర్తికావడం అరుదు. అస్సాం, అరుణాచల్ సరిహద్దులోని 2,000 మెగావాట్ల సుబన్‌సిరి పనులు ఏళ్ల తరబడి ఆగి మళ్లీ మొదలయ్యాయి. లేని కరెంటు కొనమని శాతం పెట్టి ప్రయోజనం లేదు కదా.

పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ కూడా జల విద్యుత్తేనా? అది కరెంటు తింటుంది కదా?

నోటిఫికేషన్ ప్రకారం జల గడిలో పంప్డ్ స్టోరేజీ కూడా ఉంది. మీ అనుమానం కూడా సరైనదే.

నంద్యాల జిల్లా పాణ్యం మండలంలోని పిన్నాపురం 1,680 మెగావాట్లది. పైన ఒక జలాశయం, కింద ఒకటి. మధ్యాహ్నం సోలార్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ కరెంటుతో కింది నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం వదిలి టర్బైన్లు తిప్పుతారు. పొద్దున కరెంటున్నప్పుడు మిద్దె మీది ట్యాంకు నింపుకుని సాయంత్రం వాడుకోవడం లాంటిదే. 100 యూనిట్లు పెట్టి తోడితే 75 నుంచి 80 తిరిగొస్తాయి. మిగతావి పంపుల్లో, పైపుల్లో, టర్బైన్లలో పోతాయి. నది నీళ్లతో తిరిగే కేంద్రం కొత్త కరెంటు పుట్టిస్తుంది. ఇది ఉన్న కరెంటునే పగటి నుంచి రాత్రికి మారుస్తుంది.

కాబట్టి తోడటానికి ఏ కరెంటు వాడారన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. బొగ్గు కరెంటుతో తోడి సాయంత్రం "హైడల్" అని అమ్మితే అది కేవలం పేరు మార్పిడి. 2022 జులై ఉత్తర్వులో స్టోరేజీకి విడిగా ఒక బాధ్యత పెట్టినప్పుడు, నిల్వ చేసిన దానిలో ఏడాదికి కనీసం 85 శాతం పునరుత్పాదకం అయి ఉండాలని షరతు పెట్టారు. ఆ షరతు సరైనదని నా అభిప్రాయం. పంప్డ్ స్టోరేజీని నిల్వ లెక్కలో ఉంచి, నది హైడల్‌ని వేరే ఉంచితే సామాన్యుడికి కూడా లెక్క తెలిసేది. సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన కూడా ఉంది కాబట్టి మన రాష్ట్రంలో ఈ ప్రశ్న ఇంకా చాలాసార్లు వస్తుంది.

పోలవరం పూర్తయితే జల గడి నిండిపోతుందా?

పోలవరం జల విద్యుత్ కేంద్రం 960 మెగావాట్లు, 80 చొప్పున 12 యూనిట్లు. తేదీ నిబంధన ప్రకారం జల గడికి అర్హమే. దిగువ సీలేరులో కడుతున్న రెండు అదనపు 115 మెగావాట్ల యూనిట్లు కూడా అంతే. ఎంత నిండుతుందన్నది గోదావరి వరద, సాగునీటి అవసరాలు తేలుస్తాయి.

భూటాన్ నుంచి కొన్న హైడల్‌ని చూపించొచ్చా?

దేశం బయటి జల విద్యుత్తుకి కేంద్ర ప్రభుత్వం ఒక్కో ప్రాజెక్టును విడిగా పరిశీలించి ఆమోదిస్తేనే.

## డిస్కం ఎలా తీరుస్తుంది

తిరుపతి డిస్కం చేతిలో కొత్త హైడల్ లేకపోతే ఏం చేస్తుంది?

ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి, గాలి గడిలో మిగులుంటే దాన్ని జల గడి లోటుకి సర్దుకోవచ్చు. జలలో మిగిలితే గాలికీ అలాగే. అనంతపురం, కర్నూలు, నంద్యాల వైపు గాలి ఉన్న డిస్కం కాబట్టి మనకి ఈ దారి పనికొస్తుంది. అయితే గాలి గడికి కూడా 2024 మార్చి 31 తర్వాత మొదలైన ప్రాజెక్టులే కావాలన్నది మరిచిపోకూడదు. రెండు, వేరే రాష్ట్రాల్లోని కొత్త ప్రాజెక్టుల నుంచి కొనుగోలు ఒప్పందం. మూడు, సర్టిఫికెట్లు.

ఆ సర్టిఫికెట్ల సంగతేంటి? నిజం కరెంటు లేకుండా కాగితం కొంటే సరిపోతుందా?

సరిపోతుంది, చట్టప్రకారం. ఆర్‌ఈసీ అంటారు. ఒక మెగావాట్ అవర్, అంటే 1,000 యూనిట్లకి ఒక సర్టిఫికెట్. ఉత్పత్తిదారు కరెంటుని మామూలు ధరకి అమ్మేసి, "పచ్చదనం" విలువని విడిగా విద్యుత్ ఎక్స్ఛేంజీలో అమ్ముకుంటాడు.

కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2022 నిబంధనల్లో కొత్త ప్రాజెక్టులకి గుణకాలు పెట్టారు. నేలమీది గాలికి, సోలార్‌కి 1. హైడల్‌కి 1.5. చెత్త నుంచి తీసేదానికి 2. బయోమాస్‌కి 2.5. కాబట్టి హైడల్ కేంద్రం 1,000 మెగావాట్ అవర్లు ఉత్పత్తి చేస్తే 1,500 సర్టిఫికెట్లు. పిల్లలు ఇది చూసి "హైడల్ ఎక్కువ శుభ్రమా సార్?" అని అడుగుతారు. కాదు, ఎక్కువ ఖర్చు, ఎక్కువ కాలం. గుణకం ఆ ఖర్చుకి ఊరట.

వానలు సరిగ్గా పడని ఏడాది ఈ లెక్క ఏమవుతుంది?

రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశంలో నమోదైన అతి పొడి ఆగస్టు. ఆ ఏడాది కృష్ణాకి వరద సరిగా రాలేదు, శ్రీశైలం నిండలేదు. అలాంటి ఏడాది చవక కరెంటు పోతుంది, దాని బదులు ఎక్స్ఛేంజీలోనో బొగ్గు దగ్గరో ఎక్కువ పెట్టి కొనాలి. ఇది మొదటి దెబ్బ. పాత హైడల్‌ని ఇప్పుడు "ఇతర" గడిలో చూపిస్తున్నాం కదా, ఆ గడి కూడా వెలితి పడుతుంది. దాన్ని సోలార్‌తోనో సర్టిఫికెట్లతోనో పూడ్చాలి. ఇది రెండోది.

పైగా వానలు లేని ఏడాదే బోర్లు ఎక్కువసేపు నడుస్తాయి. చిత్తూరు పడమటి మండలాల్లో భూగర్భ నీళ్లు కిందికి పోయేకొద్దీ అదే మోటారు అదే నీటికి ఎక్కువ కరెంటు తాగుతుంది. వాడకం పెరిగితే దాని మీద కట్టే శాతం కూడా యూనిట్లలో పెరుగుతుంది. హైడల్‌ని పాత పద్ధతిలో హారంలోంచి తీసేసినప్పుడు కూడా కరువు ఏడాది బాధ్యత పెరిగేది. కొత్త పద్ధతి ఈ సమస్యని తీర్చలేదు, చోటు మార్చింది.

తీర్చకపోతే డిస్కంకి ఫైన్ వేస్తారా?

ఇంధన పొదుపు చట్టం సెక్షన్ 26 కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా, తక్కువపడిన పరిమాణాన్ని బట్టి అదనపు జరిమానా ఉంటాయి. అమలు లెక్కలు చూసేది ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ.

## ఫ్యాక్టరీ నడిపేవాళ్లకి

శ్రీసిటీలో మా యూనిట్‌కి ఓపెన్ యాక్సెస్ ఉంది. మేం కూడా హైడల్ వాటా విడిగా చూపించాలా?

అక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్ (డిస్కం దగ్గర కాకుండా బయటి ఉత్పత్తిదారు దగ్గర కొనే), క్యాప్టివ్ (సొంత ప్లాంటు కరెంటు వాడే) వినియోగదారులు మొత్తం శాతాన్ని ఏ పునరుత్పాదక వనరు నుంచి తీర్చినా చాలు. గాలి ఇంత, నీళ్లు ఇంత అనే విభజన మీకు లేదు.

లెక్క ఇలా: 2025-26లో ఓపెన్ యాక్సెస్ ద్వారా 40 లక్షల యూనిట్లు వాడారనుకుందాం. మొత్తం శాతం 33.01. అంటే 13,20,400 యూనిట్లు పునరుత్పాదకం అయి ఉండాలి. మీ ఒప్పందంలో సోలార్ 10 లక్షల యూనిట్లు ఇచ్చిందనుకోండి, ఇంకా 3,20,400 తక్కువ. వాటికి 321 సర్టిఫికెట్లు. మార్చి చివరి వారం దాకా ఆగితే ఆ రోజు ధర ఎంతుంటే అంతకి కొనాలి, ఎందుకంటే 2022 నిబంధనలు కనీస, గరిష్ఠ ధరల్ని తీసేశాయి. సర్టిఫికెట్ వాడేదాకా చెల్లుతుంది కాబట్టి ధర తక్కువున్నప్పుడు కొని పెట్టుకోవడంలో తప్పులేదు. అకౌంట్స్ వాళ్లకి మార్చిలో టెన్షన్ తగ్గుతుంది.

మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, డిస్కం కనెక్షన్ మాత్రమే. మాకేమైనా వర్తిస్తుందా?

నేరుగా వర్తించదు. మీ తరఫున బాధ్యత డిస్కందే. వెనక డీజిల్ జనరేటర్ ఉన్నంత మాత్రాన కంగారు వద్దు. సొంత క్యాప్టివ్ ప్లాంటు పెట్టుకునే ఆలోచన వచ్చినప్పుడు మాత్రం ఏపీఈఆర్‌సీ నిబంధనల్లో ఎంత సామర్థ్యం నుంచి బాధ్యత మొదలవుతుందో మీ కన్సల్టెంట్‌ని ముందే అడగండి.

## ఇల్లు, పొలం, నీళ్లు

నా బిల్లులో సర్దుబాటు ఛార్జీలు ఈ ఆర్పీఓ వల్లేనా?

ప్రధానంగా కాదు. 2023 ఏప్రిల్ నుంచి నెలనెలా యూనిట్‌కి 40 పైసల దాకా వేసింది ఇంధనం, కొనుగోలు ఖర్చుల తేడా కింద. బొగ్గు ధర పెరిగినా, ఎక్స్ఛేంజీలో ఎక్కువ పెట్టి కొన్నా ఆ తేడా అందులోకి వస్తుంది. హైడల్ తగ్గిన ఏడాది ఈ తేడా పెరుగుతుంది. ఆ మేరకు నీళ్లకీ బిల్లుకీ సంబంధం ఉంది. అది ఆర్పీఓ ఉన్నా లేకపోయినా ఉండేదే.

ఒక్క టీఎంసీ నీళ్లతో ఎంత కరెంటు వస్తుంది?

ఎత్తుని బట్టి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. నీళ్లు 80 మీటర్లు కిందికి పడతాయనుకుంటే, ఒక ఘనపు మీటరు నుంచి నష్టాలు పోను సుమారు 0.19 యూనిట్. అంటే ఒక్క యూనిట్‌కి 5,000 లీటర్ల పైమాటే, పెద్ద వాటర్ ట్యాంకరు నీళ్లు. టీఎంసీకి 50 లక్షల యూనిట్ల చిల్లర. నెలకి 250 యూనిట్లు వాడే ఇళ్లు 20 వేలకి ఒక నెల సరిపడా.

తలకోన జలపాతం మీద చిన్న ప్లాంటు పెట్టొచ్చు కదా? తిరుమల డ్యాముల మీద?

ఇది అడగనివాళ్లు లేరు. లెక్క వేసి చూద్దాం. తలకోన 270 అడుగులు, సుమారు 80 మీటర్లు. సెకనుకి 100 లీటర్ల నీళ్లు పడుతున్నాయనుకుందాం. సూత్రం: 9.81ని నీటి ప్రవాహంతో, ఎత్తుతో, సామర్థ్యంతో గుణించాలి. 9.81 × 0.1 × 80 × 0.75, అంటే 59 కిలోవాట్లు. ఇరవై ఇళ్ల మీద మూడేసి కిలోవాట్ల సోలార్ పెడితే అంతే సామర్థ్యం. అదీ వానాకాలంలో. ఎండల్లో ఆ ప్రవాహం ఉండదు. పైగా అది శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు. అక్కడ పైపులు, టర్బైన్ షెడ్డు, లైన్లు వేయాలంటే అటవీ అనుమతులు దొరకవు, దొరక్కూడదు కూడా.

తిరుమలలో గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం డ్యాములున్నవి తాగునీటికి. పైగా కళ్యాణి డ్యామ్ నుంచి నీళ్లను కొండ మీదికి తోడుతున్నాం. నీళ్ల విషయంలో ఆ కొండ కరెంటు ఇచ్చేది కాదు, తీసుకునేది. కాకులకొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయంటే అక్కడ గాలి ఉంది కాబట్టి. మన తిరుపతి, చిత్తూరు జిల్లాలకి నప్పేది గాలి, ఎండ.

శ్రీశైలంలో కరెంటు కోసం నీళ్లు వదిలేస్తే మన రాయలసీమ గతేంటి?

ఇది కరెంటు ప్రశ్న కంటే పెద్దది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమ కాలువలకి సరిగా నీళ్లు రావాలంటే 854 అడుగులు ఉండాలి. టర్బైన్ల గుండా వెళ్లిన నీళ్లు నాగార్జునసాగర్‌కి పోతాయి, ఇటు రావు. తెలుగు గంగ, కండలేరు మీదుగా తిరుపతి కుళాయిల్లోకి వచ్చే నీళ్లు ఆ 854 మీద ఆధారపడినవే. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పోలీసు కాపలాల దాకా వెళ్లిన గొడవ దీని గురించే: మట్టం తక్కువుండగా ఎడమగట్టులో తెలంగాణ కరెంటు తీస్తోందని మన రాష్ట్రం అభ్యంతరం.

ఇప్పుడు పాత హైడల్ కూడా ఆర్పీఓ లెక్కలో పనికొస్తోంది కాబట్టి, ఎవరి డిస్కంకైనా వీలైనన్ని ఎక్కువ యూనిట్లు తీయాలనే ఆశ కొంచెం పెరుగుతుంది. వరద వచ్చి గేట్లు ఎత్తే రోజుల్లో ఇబ్బంది లేదు, ఆ నీళ్లు ఎలాగూ పోయేవే. మట్టం తగ్గిన నెలల్లో మాత్రం ముందు తాగునీరు, తర్వాత సాగునీరు, ఆ తర్వాతే కరెంటు. శాతాల కోసం ఆ వరుస తారుమారు చేయడాన్ని నేను ఒప్పుకోను. సోలార్ యూనిట్ ఎక్కడైనా కొనుక్కోవచ్చు, పడమటి మండలాలకి ఇంకో కృష్ణ లేదు.

మా ఇంటి మీద సోలార్ పెట్టాం. అది ఎవరి లెక్కలోకి పోతుంది?

డిస్కం లెక్కలోకి, వికేంద్రిత గడిలో. 10 మెగావాట్ల కంటే చిన్న ప్రాజెక్టులు అందులోకి వస్తాయి, నెట్ మీటరింగ్‌తో సహా. మీ బిల్లు ఆదా మీదే.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ హైడల్ పునరుత్పాదకం కాదంటాడు. నిజమేనా?

సగం నిజం. అమెరికాలో ఇది రాష్ట్రాల ఇష్టం. కాలిఫోర్నియా తప్పనిసరి వాటాలో 30 మెగావాట్ల లోపు హైడల్‌నే లెక్కేస్తారు. అయితే 2018లో చేసిన చట్టంలో 2045 నాటికి కర్బనం లేని కరెంటు లక్ష్యం ఉంది, పెద్ద హైడల్ అందులో చెల్లుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం సంగతి ఇంకా తమాషా. 6,800 మెగావాట్లు దాటిన గ్రాండ్ కూలీ డ్యామ్ అక్కడే ఉంది, రాష్ట్రంలో ఎక్కువ కరెంటు నీళ్లదే. అయినా 2006లో జనం ఓటేసి తెచ్చిన నిబంధనలో ఉన్న డ్యాముల కరెంటుని పక్కన పెట్టారు. పాత టర్బైన్లు మెరుగుపరిచి అదనంగా తీసిన యూనిట్లు మాత్రం చెల్లుతాయి. ఉన్నదాన్నే చూపించి చేతులు దులుపుకోకూడదన్న ఉద్దేశం అక్కడా అదే.

ఈ సంగతి మీద కమిషన్ ముందు మాట్లాడాలంటే ఎలా?

డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికని నవంబర్ చివరికి ఏపీఈఆర్‌సీకి ఇస్తాయి. పత్రికల్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు రాతపూర్వకంగా పంపాలి. బహిరంగ విచారణలు మామూలుగా జనవరిలో ఉంటాయి, కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి.

"హైడల్ మంచిదా కాదా" అని ఉపన్యాసం ఇస్తే విని పంపేస్తారు. అంకెలు అడగండి: హైడల్ కేంద్రాల వారీగా ఎన్ని యూనిట్లు కొన్నారు, ఏ కేంద్రాన్ని ఏ గడిలో చూపించారు, జల గడి లోటుని గాలితో పూడ్చారా, సర్టిఫికెట్లతో పూడ్చారా, సర్టిఫికెట్లకి ఎంత పెట్టారు, పంప్డ్ స్టోరేజీలో తోడటానికి ఏ కరెంటు వాడారు. తెలుగులోనే రాయొచ్చు. ఒక కాపీ కమిషన్ కార్యదర్శికి, ఇంకోటి డిస్కంకి పంపి, రెండింటికీ అందినట్టు రసీదు తీసుకోండి.